ఆల్ప్స్‌లో డే ట్రిప్‌లు: మనవాళ్ల అపోహలు, అక్కడి వాస్తవాలు

సంక్రాంతి దాటిందంటే మా ఆఫీసులో ఫోన్లు మోగడం మొదలవుతుంది. నెల్లూరు, గూడూరు, కావలి, ఒక్కోసారి ఒంగోలు నుంచి కూడా. "వేసవి సెలవుల్లో పిల్లలకి స్విట్జర్లాండ్ చూపించాలన్నా" అంటారు. గ్రూపుల్ని తీసుకెళ్లి తీసుకురావడమే నా పని కాబట్టి ఆ మాట వింటే సంతోషమే. చిక్కంతా ఆ తర్వాత వాట్సాప్‌లో వచ్చే ప్లాన్‌తోనే. పొద్దున జ్యూరిక్, మధ్యాహ్నం టిట్లిస్ కొండ, సాయంత్రం ఇంటర్‌లాకెన్, మర్నాడు జెర్మాట్ వెళ్లి వచ్చేయడం! రీల్స్ చూసి రాసుకున్నదని చూడగానే తెలిసిపోతుంది. ఆల్ప్స్ కొండల్లో మన రోజు మన చేతిలో ఉండదు. రైలు టైము, మబ్బు, ఎత్తు, ఈ మూడింటి చేతిలో ఉంటుంది. నాకు ఎక్కువగా వినిపించే అపోహలు కూడా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

అపోహ: "చిన్న దేశమే కదా, రోజుకి రెండు కొండలు చూసేద్దాం"

చిన్న దేశమే. మన రాష్ట్రంలో నాలుగో వంతు ఉంటుంది. కానీ అక్కడ దూరాన్ని కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్కేసుకోవాలి. జ్యూరిక్ నుంచి ఇంటర్‌లాకెన్‌కి రైల్లో రెండు గంటలు. అక్కడి నుంచి కొండ మీదున్న యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్‌కి ఎక్కాలంటే గ్రిండెల్వాల్డ్ దాకా ఒక రైలు, ఆపైన ఐగర్ ఎక్స్‌ప్రెస్ అనే రోప్‌వే, దాని తర్వాత మళ్లీ రైలు. 2020 డిసెంబరులో మొదలైన ఆ రోప్‌వే పావుగంటలో ఐగర్ కొండ పక్కకి చేర్చేస్తుంది కాబట్టి ఇదివరకటికన్నా సులువైంది. అయినా ఇంటర్‌లాకెన్ నుంచి పైకి గంటన్నరకు తక్కువ పట్టదు. పైన రెండు మూడు గంటలు, దిగడానికి మళ్లీ అంతే సేపు. అక్కడితో ఆ రోజు సరి.

జెర్మాట్ సంగతి ఇంకా చెప్పాలి. జ్యూరిక్ నుంచి ఒకవైపుకే మూడు గంటల పైమాట. ఊళ్లోకి మామూలు కార్లని రానివ్వరు. కారులో వెళ్లినవాళ్లు కూడా టేష్ అనే ఊళ్లో వదిలేసి రైలెక్కాల్సిందే. ఆరేడు గంటలు రైల్లో కూర్చుని, 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరం మబ్బులో ఉంటే ఏం చేస్తారు? అక్కడ ఒక రాత్రి ఉండగలిగితేనే వెళ్లండి. లేకపోతే ఈసారికి వదిలేయండి.

నేను చెప్పేది ఒకటే, మకాం జ్యూరిక్‌లో పెట్టకండి. లూసర్న్‌లోనో ఇంటర్‌లాకెన్‌లోనో పెట్టుకుంటే రోజూ పెట్టెలు సర్దే పని తప్పుతుంది. లూసర్న్ నుంచి టిట్లిస్ కింద ఉన్న ఎంగెల్‌బర్గ్‌కి రైల్లో ముప్పావు గంట కూడా పట్టదు. రిగి కొండకైతే ప్రయాణమే సగం సరదా. లూసర్న్‌లో పడవెక్కి సరస్సు మీద విట్స్‌నౌ దాకా, అక్కడి నుంచి కొండ రైలు. 1871లో మొదలైన ఆ రైలు యూరప్‌లోనే మొట్టమొదటి కొండ రైలు. పట్టాల మధ్య ఉన్న పళ్ల పట్టీని చక్రంతో పట్టుకుని ఎక్కుతుంది. దిగేటప్పుడు మరోవైపు వెగ్గిస్‌కి కేబుల్ కార్‌లో వచ్చి మళ్లీ పడవ. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్న కుటుంబాలకి నేను మొదట చెప్పేది ఇదే.

అపోహ: "ఎంత ఎత్తుకెళ్తే అంత బాగా కనిపిస్తుంది"

యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తులో ఉంది. యూరప్‌లో అంతకన్నా ఎత్తైన రైల్వే స్టేషన్ లేదు. 1896లో మొదలుపెట్టి 1912లో పూర్తి చేశారు. కొండలోంచి ఏడు కిలోమీటర్లకు పైగా తొలిచిన సొరంగం చూస్తే ఆ కాలంలో ఎలా కట్టారా అనిపిస్తుంది. అయితే ఆ ఏడు కిలోమీటర్లూ కిటికీలోంచి కనిపించేది చీకటే. ఈ సంగతి ఎవరూ చెప్పరు. పైకి వెళ్లాక కనిపించేది ఆలెచ్ హిమనదం. ఆల్ప్స్‌లోకెల్లా పొడవైనది, ఇరవై కిలోమీటర్లకు పైగా ఉంటుంది. 2001లో యునెస్కో జాబితాలో చేరింది. దానికోసం వెళ్లడం దండగ కాదు.

కానీ ఐగర్, మ్యోంఖ్, యుంగ్‌ఫ్రౌ మూడు శిఖరాలూ ఒకే వరసలో కళ్ల ముందు నిలబడాలంటే వాటి మీదకెక్కితే కుదరదు, ఎదురుగా నిలబడాలి. 2,061 మీటర్ల క్లైనె షైడెగ్ దగ్గరో, మెన్లిఖెన్ కొండ మీదో కాసేపు దిగితే ఆ దృశ్యం దొరుకుతుంది. మనవాళ్లు అక్కడ ఒక ఫోటో తీసుకుని తర్వాతి రైలు కోసం పరుగెత్తుతారు. గంటసేపు బెంచీ మీద కూర్చోండి, పచ్చిక మీద ఆవుల మెడల్లో గంటలు కూడా వినిపిస్తాయి.

అపోహ: "కింద ఎండ బాగా కాస్తోంది, పైన కూడా బాగుంటుంది"

ఎక్కువ డబ్బు పోగొట్టేది ఈ అపోహే. ఫోన్‌లో వాతావరణం యాప్ చూపించేది ఇంటర్‌లాకెన్‌ది, అంటే సుమారు 570 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరిది. దానికి మూడు వేల మీటర్ల పైన జరిగేది వేరే లోకం. వేసవిలో పొద్దున తేటగా ఉండి, మధ్యాహ్నానికి మబ్బులు పైకి లేచి, సాయంత్రం ఉరుములతో వాన పడటం అక్కడ మామూలే. అందుకే మా గ్రూపుని పొద్దున మొదటి రైళ్లలోనే ఎక్కిస్తాను. "టూర్‌కొచ్చి కూడా ఆరింటికి లేవాలా సార్" అని విసుక్కుంటారు. పదకొండింటికి పైన మబ్బు కమ్ముకోవడం చూశాక ఎవరూ ఏమీ అనరు.

దీనికి పూర్తి రివర్స్ కూడా ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో చలిగాలి లోయల్లోకి దిగి పొగమంచు పట్టేస్తుంది. లూసర్న్‌లో రోజంతా బూడిదరంగు ఆకాశం, నాలుగడుగుల దూరం కనిపించదు. హోటల్ గదిలోంచి చూసి "ఇవాళ కొండ దండగ" అనుకుంటారు. కానీ రిగి పైన నీలాకాశం, ఎండ, కాళ్ల కింద పాలసముద్రంలా పొగమంచు ఉండొచ్చు.

తేల్చుకోవడం ఎలా? అక్కడ ప్రతి పెద్ద కొండ మీదా లైవ్ కెమెరాలు ఉంటాయి. హోటల్ గదిలో కాఫీ తాగుతూ ఫోన్‌లో చూసుకోవచ్చు, స్టేషన్లలో కూడా టీవీ మీద వేస్తారు. అది చూశాకే టికెట్ కొనండి. తేదీ మార్చుకోలేని చౌక టికెట్ నెల ముందే కొనేస్తే, ఆ రోజు తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించకపోయినా ఎక్కక తప్పదు. నాలుగు రోజుల మకాంలో కొండ ఏ రోజన్నది ఖాళీగా ఉంచుకోండి. మబ్బు పట్టిన రోజున జలపాతాలున్న లౌటర్‌బ్రునెన్ లోయ ఉండనే ఉంది.

అపోహ: "మేలో వెళ్తే అన్నీ తెరిచే ఉంటాయి"

రోహిణి కార్తె ఎండలకి ఇక్కడి నుంచి పారిపోవడానికి మే మంచి నెలే. అక్కడ మాత్రం అది రెండు సీజన్ల మధ్య సమయం. స్కీయింగ్ అయిపోయి ఉంటుంది, ఎత్తులో ఉన్న నడక దారుల మీద మంచు ఇంకా కరిగి ఉండదు. ఏప్రిల్, మే నెలల్లోనూ, మళ్లీ నవంబరులోనూ చాలా రోప్‌వేలని ఏటా చేసే తనిఖీ కోసం కొన్నాళ్లు ఆపేస్తారు. వాళ్ల వెబ్‌సైట్లో 'రివిజన్' అని కనిపిస్తే అదే. ఫుర్కా, గ్రిమ్సెల్ లాంటి ఎత్తైన కనుమ రోడ్లు కూడా మే చివరో జూనో వస్తే గానీ తెరవరు. జూన్ మొదటి వారం దాకా ఆగగలిగితే ఆగండి.

మే నెలకి ఒక లాభం మాత్రం ఉంది. మంచు కరిగే రోజులు కాబట్టి జలపాతాలు పొంగుతుంటాయి. లౌటర్‌బ్రునెన్‌లో స్టౌబాఖ్ దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. దగ్గర్లోనే ట్రుమెల్‌బాఖ్, కొండ కడుపులో దూకే జలపాతం. పైన ఉన్న హిమనదాల నీళ్లన్నీ దాని గుండానే దిగాలి. ఆ హోరులో పక్కవాళ్ల మాట కూడా వినపడదు. దీన్ని చూపించిన రోజున మా వాళ్లు పెద్ద కొండ చూసిన రోజుకంటే ఎక్కువ మాట్లాడుకుంటారు.

అపోహ: "స్విస్ పాస్ ఉంటే అన్నీ ఫ్రీ"

స్విస్ పాస్ అంటే కొన్ని రోజులకి కలిపి కొనుక్కునే ప్రయాణ టికెట్. దాంతో మామూలు రైళ్లు, బస్సులు, సరస్సు మీద పడవలు, ఊళ్లలో ట్రాములు ఫ్రీ, నిజమే. కొండల దగ్గరే తేడా వస్తుంది. రిగి, స్టాన్సర్‌హార్న్, స్టోస్ కొండలకి పాస్ పూర్తిగా పనిచేస్తుంది. టిట్లిస్‌కి సగం ధర కట్టాలి. యుంగ్‌ఫ్రౌయోఖ్‌కైతే గ్రిండెల్వాల్డ్ లేదా వెంగెన్ దాకా ఫ్రీ, ఆపైన పాతిక శాతం మాత్రమే తగ్గింపు. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ లాంటి టూరిస్టు రైళ్లలో టికెట్ పాస్‌లోనే ఉన్నా సీటు రిజర్వేషన్‌కి విడిగా కట్టాలి. తల్లిదండ్రులతో వెళ్లే 16 ఏళ్లలోపు పిల్లలకి ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి. ఈ రూల్స్ ఏటా కొద్దిగా మారుతుంటాయి, కొనేముందు ఒకసారి చూసుకోండి. ఒకే ఊళ్లో మకాం పెట్టి రెండే కొండలు చూసేవాళ్లకి పాస్ గిట్టుబాటు కాకపోవచ్చు కూడా.

అపోహ: "అంత ఎత్తులో పెద్దవాళ్లకి ఊపిరాడదు" / "రైల్లో కూర్చుని వెళ్లడమే కదా, ఏమవుతుంది"

రెండూ తప్పే. మనం సముద్రం ఒడ్డున బతికేవాళ్లం. తిరుమల సుమారు 850 మీటర్లు, అక్కడ ఏమీ తెలియదు. 3,454 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి మన ఊళ్లో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. పైగా రైలు, రోప్‌వే కలిసి మనల్ని కొద్ది గంటల్లోనే అక్కడికి చేర్చేస్తాయి, ఒంటికి అలవాటుపడే వ్యవధి ఉండదు. ఆరోగ్యంగా ఉన్న డెబ్బై ఏళ్ల వాళ్లు కూడా మెల్లగా నడుస్తూ, నీళ్లు తాగుతూ హాయిగా చూసి వస్తారు. ఇబ్బంది పడేది ఎక్కువగా దిగగానే మంచులోకి పరుగెత్తే కుర్రాళ్లే. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే మాత్ర వేసుకుని ఓర్చుకోవద్దు, తర్వాతి రైలుకి దిగిపోండి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు ఇక్కడే డాక్టర్‌ని అడిగి బయల్దేరాలి. డాక్టర్ వద్దంటే రిగి ఉంది, 1,797 మీటర్లే.

బట్టల గురించి ఒక్క మాట. వెయ్యి మీటర్లకి సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. ఇంటర్‌లాకెన్‌లో 25 ఉంటే పైన ఐదారు డిగ్రీలు. ఒక్క లావు స్వెటర్ కన్నా పలచటివి రెండు మూడు, వాటిపైన గాలి ఆపే జాకెట్ మేలు. మంకీ క్యాప్ అందరూ తెస్తారు, చలువ కళ్లద్దాలు ఎవరూ తేరు. తాజా మంచు ఎండని చాలావరకు కంటికే తిప్పి కొడుతుంది. అద్దాలు, సన్‌స్క్రీన్ లేకుండా పైన గడిపితే రాత్రికి కళ్లు మండుతాయి. నున్నటి అడుగున్న చెప్పులు, బూట్లు హోటల్లోనే వదిలేయండి.

అపోహ: "అక్కడ మనకి తిండి దొరకదు"

ఇంటర్‌లాకెన్, లూసర్న్, ఎంగెల్‌బర్గ్‌లలో ఇండియన్ హోటళ్లున్నాయి, ఖర్చు మాత్రం ఎక్కువ. కోప్, మిగ్రోస్ సూపర్‌మార్కెట్లలో పెరుగు, బ్రెడ్, పండ్లు దొరుకుతాయి. ఆదివారం చాలావరకు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరిచే ఉంటాయి. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. ఆవకాయ, పొడులు తెచ్చుకోండి. నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడాన్ని అక్కడి కస్టమ్స్ ఒప్పుకోదు. హోటల్ గదిలో రైస్ కుక్కర్ పెడితే పొగ అలారం మోగుతుంది, ఆ బిల్లు అన్నం కన్నా ఖరీదు.

అపోహ: "వెలుతురు ఉన్నంతసేపు పైన ఉండొచ్చు"

జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంటుంది. దాన్ని చూసి మనవాళ్లు నింపాదిగా ఉంటారు. చాలా కొండల మీద చివరి రోప్‌వే సాయంత్రం ఐదారింటికే దిగిపోతుంది. పైకి చేరగానే మొదట చేయాల్సిన పని స్టేషన్ దగ్గర రాసి ఉన్న చివరి టైమ్‌ని ఫోటో తీసుకోవడం, దాన్ని గ్రూపులో పెట్టడం. ఎవరికైనా దెబ్బ తగిలితే 112కి గానీ, హెలికాప్టర్ సాయం పంపే రెగా వాళ్ల 1414కి గానీ ఫోన్ చేయాలి. వీసా కోసం తీసుకునే ఇన్సూరెన్స్‌లో కొండల మీద రెస్క్యూ ఖర్చు ఉందో లేదో ఇక్కడే చదువుకోండి, లేకపోతే అది ఉన్న పాలసీ తీసుకోండి.