పిల్లలకు అవ్వ ఉత్తరం: వంటింట్లో ఒంటికి పనికొచ్చేవి, పనికిరానివి

తిరుపతి,
ఆదివారం

చిరంజీవులు పెద్దపాపకి, చిన్నబ్బోడికి, వాళ్ళతో పాటు ఇది చదివే పిల్లలందరికీ అవ్వ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో పెద్దపాప అడిగింది, "అవ్వా, నిమ్మరసంలో వంటసోడా కలిపి రాసుకుంటే మచ్చలు పోతాయంట, రాసుకోనా?" అని. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పకపోతే రేపు ఇంకో వీడియోలో ఇంకోటి చూస్తారు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మన చర్మం పైపొర సహజంగానే కాస్త పులుపు వైపు ఉంటుంది. సైన్సులో పీహెచ్ అని చదువుకున్నారు కదా, ఆ లెక్కలో అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. చర్మం సుమారు 5. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది, వంటసోడా నీళ్ళు 8 పైన. రెండూ కలిపితే బుసబుసా పొంగుతుంది. ఆ పొంగు చూసి ఏదో గొప్పగా పనిచేస్తోందనుకుంటారు. నిజానికి అక్కడ జరిగేది ఒకదాన్నొకటి విరిచేసుకోవడమే. ఏది ఎక్కువైతే దాని మంట మీ ముఖానికి మిగులుతుంది. నిమ్మకాయతో ఇంకో ప్రమాదం ఉంది. అందులో సోరాలెన్ జాతి పదార్థాలుంటాయి. రసం అంటిన చర్మం మీద గట్టి ఎండ పడితే బొబ్బలెక్కుతుంది, ఆ తర్వాత వారాలు, ఒక్కోసారి నెలల తరబడి గోధుమరంగు మరకలు ఉండిపోతాయి. మే నెలలో తిరుపతి ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? మచ్చలు పోవాలని రాసుకున్నది కొత్త మచ్చలు తెస్తుంది. నిమ్మకాయని మజ్జిగలో పిండుకుని తాగండి.

"చెట్టు నుంచి వచ్చిందే కదా, ఏం చేస్తుంది?" అని చాలామంది అంటారు. మన చిత్తూరు వైపు పిల్లలకి ఈ మాట చెల్లదు. తోతాపురి కాయ తొడిమ తుంచగానే చిమ్మే సొన పెదవి పక్కన పడితే ఏమవుతుందో మీకు తెలుసు. రెండో రోజుకి పుండు, పుండు మానాక నల్లటి మచ్చ. అదే చెట్టు, అదే కాయ. కాయ తియ్యగా ఉందని సొన ఊరుకోదు. కాబట్టి ఏ వస్తువైనా ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు ఆగండి. ఎర్రబడకపోతే, దురద పుట్టకపోతేనే ముఖం దాకా తీసుకెళ్ళండి.

ఇక వాడదగ్గవాటిలో సున్నిపిండి నాకు ఎంతో ఇష్టం. దాని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. పొట్టు పెసలు, శనగపప్పు సమానంగా, బియ్యం గుప్పెడు, ఎండబెట్టిన గులాబీ రేకులు, కాస్త వట్టివేరు, కచ్చూరాలు, ఒక కస్తూరి పసుపు కొమ్ము. అన్నీ గలగలలాడేలా ఎండాలి. తడి మిగిలితే పిండి పురుగు పడుతుంది. మరలో పట్టించి తెచ్చాక పల్చటి గుడ్డలో జల్లించాలి. అసలు పని ఈ జల్లించడమే, చాలామంది బద్ధకించి దీన్నే వదిలేస్తారు. బియ్యపు నూక కంటికి కనపడదు గానీ బుగ్గ మీద రుద్దితే గీసేస్తుంది. చిటికెడు పిండి రెండు వేళ్ళ మధ్య నలిపి చూడండి. గరగరలాడితే అది కాళ్ళకి, మోచేతులకి. మెత్తగా జారిపోతే ముఖానికి.

ముందు గోరువెచ్చటి నువ్వుల నూనె ఒంటికి పట్టించి అరగంట ఆగాలి. ఒంటి మీది జిడ్డు, మట్టి ఆ నూనెలో కలుస్తాయి. తర్వాత పిండిని నీళ్ళతోనో పెరుగుతోనో కలిపి రాస్తే, పిండి ఆ నూనెని పీల్చుకుంటుంది. పైన చచ్చిన పొర కూడా దానితోపాటే లేచొస్తుంది. పప్పుల్లో సపోనిన్లు అనేవి కొద్దిగా ఉంటాయి, జిడ్డు వదలడానికి అవీ సాయపడతాయి. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం చచ్చిన పొరని వదులు చేస్తుంది. అంగట్లో దొరికే కొన్ని క్రీముల్లో ఉండేదీ ఆ ఆమ్లమే. పిండి బీటలు వారేదాకా ముఖం మీద ఉంచొద్దు, తడి ఉండగానే కడిగేయండి. చీము పట్టిన మొటిమల మీద మాత్రం అసలు రుద్దొద్దు నాయనా, పగిలి గుంటలు పడతాయి. తడిపిన పిండిని ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వాడటం కూడా వద్దు. కావలసినంతే కలుపుకోండి.

పచారీ కొట్లో సున్నిపిండి సామాన్లు అడిగితే బావంచాలు అనే గింజలు కూడా పొట్లం కట్టి ఇస్తారు. పాతకాలం నుంచి వేస్తున్నవే. అయినా నేను వెయ్యను. నిమ్మకాయ దగ్గర చెప్పిన సోరాలెన్ వీటిలో దండిగా ఉంటుంది. బొల్లి మచ్చలకి వైద్యులు బావంచాలు వాడి ఎండ చూపించేది ఆ గుణం కోసమే. వైద్యుడి చేతిలో అది మందు. స్కూలు గ్రౌండ్‌లో ఎండలో ఆడే పిల్లలకి దానితో పనిలేదు.

తలకి కుంకుడుకాయే మేలంటాను, అది పాత అలవాటు కొద్దీ అంటున్న మాట కాదు. మన ఊళ్ళో కల్యాణి డ్యామ్ నీళ్ళు అందే వీధులున్నాయి, బోరు మీదే బతికే వీధులున్నాయి. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిస్తే నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. ఆ తెట్టు వెంట్రుకలకి పట్టి జుట్టు జిగురుగా, పీచులాగా తయారవుతుంది. కుంకుడు రసంలోని సపోనిన్ ఉప్పునీళ్ళలోనూ అలా విరగదు, తెట్టు కట్టదు. రాత్రి నాలుగు కాయలు పచ్చడి బండతో చితక్కొట్టి, గింజ తీసేసి, వేడినీళ్ళలో నానేయండి. పొద్దున పిసికి వడగట్టండి. కళ్ళలో పడితే మాత్రం తెగ మండుతుంది. తల వెనక్కి వంచి పోయించుకోండి, పడితే వెంటనే మంచినీళ్ళతో కడుక్కోండి.

కొబ్బరినూనె సంగతి. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, సన్‌ఫ్లవర్ నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. జుట్టులోని ప్రోటీన్ కరిగిపోకుండా కాపాడింది కొబ్బరినూనె ఒక్కటే. అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది, అందుకని తలస్నానానికి ముందు రాయడం మంచిది. అయితే చుండ్రు ఉన్న తలకి నూనె పెట్టొద్దు. చుండ్రుకి కారణమయ్యే బూజు జాతి సూక్ష్మజీవి నూనెనే తిని పెరుగుతుంది. మెంతులు నానబెట్టి రుబ్బి పెడితే తల చల్లగా ఉంటుంది, చుండ్రు ముదిరితే మాత్రం డాక్టరు రాసే షాంపూ కావాల్సిందే.

పసుపు గాయాన్ని మాన్పుతుందన్న సంగతి మీద 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయం వాళ్ళకి పేటెంట్ ఇచ్చేశారు. మన దేశ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు ముందుపెట్టి, ఇది మా ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదేనని వాదిస్తే 1997లో రద్దు చేశారు. నాకు అది ఎంతో గర్వంగా ఉంటుంది. అంతమాత్రాన లోతుగా తెగినచోట పసుపు డబ్బాలోని పొడి దట్టించకండి. అది కూరకి తెచ్చిన పొడి, అందులో ఏం కలిసిందో మనకి తెలియదు. గాయాన్ని నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ఆస్పత్రికి వెళ్ళండి. కాలినప్పుడు కూడా అంతే. టూత్‌పేస్టు, వెన్న, ఇంకు ఏదీ రాయకుండా కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు పోనివ్వండి.

తిరుపతిలో ఉండి చందనం గురించి రాయకపోతే ఎలా? గుండు చేయించుకుని కొండ దిగే పిల్లల తలకి రాసే గంధం వేరు, మన శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం వేరు. గంధపు చెక్కని సాన మీద అరగదీస్తే వాసన ఇల్లంతా వస్తుంది. ఎర్రచందనానికి ఆ వాసన ఉండదు, అరగదీస్తే ఎర్రటి ముద్ద మాత్రం వస్తుంది. ఎర్రచందనం పొడి అని అమ్మేది ఘుమఘుమలాడుతుంటే అందులో సెంటు కలిపారన్నమాట. కొనకండి. వేసవిలో చెమటకాయలు లేస్తే అసలైన గంధం చల్లగా ఉంటుంది. తాటిముంజల నీళ్ళు రాసినా హాయిగానే ఉంటుంది. నూనె మాత్రం రాయొద్దు, చెమట దారులు ఇంకా మూసుకుపోతాయి.

పగిలిన పెదవులకి నెయ్యి చాలు. మడమలకి ఆముదం రాసి సాక్సు వేసుకుని పడుకోండి. కీరదోస ముక్కలు కళ్ళకి చల్లదనం ఇస్తాయి, అంతకుమించి ఏమీ చెయ్యవు. ఏ పూతలైనా వారానికి ఒకటి రెండు సార్లు మించొద్దు.

పెద్దపాపా, ఇది నీకోసం. వంటింట్లో ఏ డబ్బా తెరిచినా రంగు మార్చే వస్తువు లేదు. రంగునిచ్చేది చర్మంలోనే ఉండే మెలనిన్ అనే పదార్థం. ఎంత ఉండాలన్నది అమ్మానాన్నల నుంచి వచ్చింది, ఎండ దెబ్బ నుంచి కాపాడేదీ అదే. సున్నిపిండి మురికి తీస్తుంది, నూనె మెత్తదనం ఇస్తుంది, గంధం చల్లబరుస్తుంది. "కాస్త రంగు తక్కువ" అని నీ ముఖం మీదే అనేవాళ్ళు మన చుట్టాల్లో ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళకి జవాబు నేను చెప్తాను. నువ్వు మాత్రం వాళ్ళ మాట పట్టుకుని మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే క్రీములు పూయకు. కొన్నిట్లో స్టెరాయిడ్ అనే ఘాటు మందు ఉంటుంది. మొదట్లో ముఖం తేటగా కనిపిస్తుంది, పోనుపోను చర్మం పల్చబడి, ఎర్రబడి, మానేస్తే మొటిమలు విరుచుకుపడతాయి. నీ మొటిమలు నొప్పి పుడుతున్నాయంటున్నావు కాబట్టి, అమ్మని తీసుకుని ఈ వారంలోనే చర్మం డాక్టరుకి చూపించు.

నాన్న చేతికి సున్నిపిండి సీసా ఇచ్చి పంపుతున్నాను. రెండుసార్లు జల్లించాను, బావంచాలు లేవు. తడి చెంచా పెట్టకండి. చిన్నబ్బోడికి ముందు మోచేతి మీద రాసి చూసి, ఎలా ఉందో నాకు ఫోన్ చెయ్యండి.

ఇట్లు,
మీ అవ్వ