విండ్సర్‌లో ఫ్రెంచి రాజు: ఒక రాతి అచ్చు బొమ్మల సంపుటి నేపథ్యం

1844 అక్టోబరు 8న ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్, విండ్సర్ కోటలో విక్టోరియా రాణికి అతిథిగా ఉండడానికి ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవులో దిగాడు. అంతకు ముందు 14వ శతాబ్దంలో ఫ్రాన్సు రాజు జాన్ ఇంగ్లండు వచ్చాడు కానీ, అతిథిగా కాదు, యుద్ధఖైదీగా. అందుకే ఈ రాకకు అంత హంగామా. ముందటి ఏడాది విక్టోరియా రాణి నార్మండీలోని ఎవ్ కోటకు వెళ్లింది. ఇది దానికి బదులు రాక. ఈ మధ్యలోనే పసిఫిక్ దీవి తాహితీలో బ్రిటిష్ కాన్సల్ (దౌత్య ప్రతినిధి) ప్రిచర్డ్‌ను ఫ్రెంచివాళ్లు నిర్బంధించడంతో రెండు దేశాల మధ్య మాటామాటా పెరిగింది. ఆ గొడవ చల్లారీ చల్లారకముందే జరిగిన పర్యటన ఇది. బొమ్మల్లోని చిరునవ్వులను ఈ సంగతి తెలిసి చూడాలి.

చిత్రకారుడు ఎదువార్ పాంగ్రే ఈ పర్యటన దృశ్యాలను లితోగ్రాఫుల సంపుటిగా 1846లో వెలువరించాడు. లితోగ్రాఫ్ అంటే రాతి అచ్చు. బవేరియాలోని జోల్న్‌హోఫెన్ సున్నపురాయిని ఇసుకతో నూరి, సన్నటి గరుకు తేలాక జిడ్డు క్రేయానుతో గీస్తారు. పైన తుమ్మజిగురు, కొద్దిపాటి నత్రికామ్లం పూస్తారు. తర్వాత రాయిని తడిపి సిరా రోలరు దొర్లిస్తే, గీసిన జిడ్డు సిరాను పట్టుకుంటుంది, తడి ఉన్నచోటు పట్టదు. ఆమ్లం ఎక్కువైతే సన్నటి నీడలు పోతాయి. రాయి ఆరిపోతే బొమ్మంతా మసి. గీసేటప్పుడు వేలి చెమట తగిలినా ఆ మచ్చ అచ్చులో తేలుతుంది.

లేతరంగు నేపథ్యానికి రెండో రాయి కావాలి. దాని మీద గీకి తీసేసిన చోట కాగితపు తెలుపే మెరుపుగా మిగులుతుంది. తడికి కాగితం సాగిందా, పతకం ఒకచోట, దాని మెరుపు మరోచోట పడతాయి.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది తిరగేత. రాతి మీద అద్దంలోలా గీయాలి. అక్టోబరు 11న లూయీ ఫిలిప్‌కు రాణి ఇంగ్లండులోని అత్యున్నత నైట్ బిరుదు, గార్టర్ ఇచ్చింది. గార్టర్ అంటే కాలికి కట్టే పట్టీ. ఆ పట్టీ ఎడమ మోకాలి కింద కడతారు, నీలి పట్టా ఎడమ భుజం మీద వేస్తారు. ఇలాంటి సందర్భాన్ని చూపే ఏ అచ్చులోనైనా ఇవి వేసుకున్నవాడి కుడి కాలికి, కుడి భుజానికి కనిపిస్తే, గీసినవాడు తిప్పడం మరిచాడనే అనుమానించాలి. మేం మొదట చూసేది అదే.

స్నేహాన్ని చాటిన ఆ సంపుటి వచ్చిన ఏడాదే స్నేహం తెగింది. స్పెయిన్ రాణి ఇసబెల్లాకు పిల్లలు కలిగేదాకా తన కొడుకు ఆమె చెల్లెలిని పెళ్లాడడని లూయీ ఫిలిప్ మాటిచ్చాడు. 1846 అక్టోబరు 10న అక్కాచెల్లెళ్ల పెళ్లిళ్లు ఒకేరోజు జరిగిపోయాయి, చెల్లెలి వరుడు ఆ కొడుకే. విక్టోరియా దీన్ని నమ్మకద్రోహంగానే తీసుకుంది. 1848 ఫిబ్రవరి విప్లవంలో గద్దె పోయాక, ఆ రాజు స్మిత్ అనే మారుపేరుతో న్యూహేవన్‌లో దిగాడు. 1850లో ఇంగ్లండులోనే, క్లేర్‌మాంట్ భవనంలో కన్నుమూశాడు.

ఇలాంటి అచ్చు చేతికొస్తే భూతద్దంతో చూడండి: క్రేయాను చుక్కలు క్రమం లేకుండా ఉంటే రాతి అచ్చు, వరసలు తీరిన చుక్కలైతే తర్వాతి కాలపు నకలు. గోధుమరంగు మచ్చలున్నా ఇంట్లో బ్లీచ్ చేయకండి. చేత్తో అద్దిన రంగులుంటే మచ్చతో పాటు అవీ పోతాయి.