పోల్ బార్న్ గోడలు: అపోహలు - వాస్తవాలు, ఒక మూడు అంగుళాల కథ

ఈ నెలలో ఇది నాలుగో ఫోను. "సార్, గోడ గీశాను, ఫ్రేమింగ్ బటన్ నొక్కాను, కర్రలన్నీ చక్కగా వచ్చాయి. అయినా క్లయింటు తిప్పి పంపాడు" అంటాడు అవతలి కుర్రాడు. ఫైలు తెరవకుండానే ఏం జరిగి ఉంటుందో చెప్పగలను. గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని అమెరికా గుత్తేదారులకు కొట్టాలు, గిడ్డంగులు, గ్యారేజీల డ్రాయింగులు గీసి పంపడం నా వృత్తి. పోల్ బార్న్ అంటే నేలలో పాతిన పోస్టులే, అంటే గుంజలే, బరువు మోసే రేకు గోడల షెడ్డు; ఫ్రేమింగ్ అంటే గోడ లోపలి కర్రల చట్రం. ఇవే తప్పులు నేనూ చేశాను, ఒకటైతే బాగా ఖరీదుగా చేశాను. అది కింద చెబుతాను.

అపోహ: బటన్ నొక్కితే ఫ్రేమింగ్ దానంతట అదే వస్తుంది.

వస్తుంది, ఇంటికి. మేం డ్రాయింగులు గీసే ఈ సాఫ్ట్‌వేర్లు పుట్టిందే ఇళ్ల కోసం. గోడ అనగానే వాటికి తెలిసింది ఒక్కటే: అడ్డంగా పడుకోబెట్టిన కర్రలు (ప్లేట్లు) కింద ఒకటి, పైన రెండు, నడుమ పదహారు అంగుళాలకు ఒక నిలువు కర్ర (స్టడ్). 64 అడుగుల గోడ గీసి బటన్ నొక్కండి, 49 స్టడ్లు నిలబడతాయి. పోల్ బార్న్‌లో అదే గోడకు, ఎనిమిది అడుగులకు ఒకటి చొప్పున, పోస్టులు తొమ్మిదే. కింద ప్లేటు లేదు, పైన ప్లేట్లూ లేవు. నేలను ఆనుకుని, పుచ్చకుండా మందు పట్టించిన అడ్డ పలక, స్కర్ట్ బోర్డు, ఉంటుంది; పైన ట్రస్‌లను, అంటే పైకప్పు చట్రాలను, మోసే దూలాలు, క్యారియర్లు, ఉంటాయి. ఆ రెండింటి నడుమ పోస్టుల బయటి ముఖానికి రెండేసి అడుగుల ఎడంలో అడ్డంగా గర్టులు కొడతారు. రేకు స్క్రూలు పడేది ఆ గర్టుల్లోకే. పన్నెండు అడుగుల ఎత్తు గోడకు ఐదు వరసలు, వరసకు పదహారు అడుగుల కర్రలు నాలుగు, మొత్తం ఇరవై. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సామాన్ల జాబితాలో ఈ ఇరవై ఉండవు, అక్కర్లేని 49 ఉంటాయి. ఆ జాబితా చూసి క్లయింటు తిప్పి పంపడా మరి?

కొత్తగా చేరినవాళ్లు ఇక్కడే బెంబేలెత్తిపోతారు. చెక్క కట్టడాలు మనకు కాలేజీలో చెప్పలేదు, ఎలా వస్తుందని దిగులు. ప్రకాశం వైపు పిల్లలైతే బార్న్ అనగానే పొగాకు క్యూరింగ్ చేసే బ్యారన్ అనుకుంటారు, ఇటుక గోడలు గీయడానికి సిద్ధపడతారు. పొగాకు పండే ప్రాంతం కదా, వాళ్ల తప్పు లేదు. కానీ ఇది బ్యారన్ కాదు, మన గొడ్ల పాక. గుంజలు నేలలో పాతి, వాటికి అడ్డంగా బద్దలు కట్టి, బద్దలకు దడి బిగించేవాళ్లం కదా, అదే వరస. తేడాలు లేకపోలేదు, కానీ బరువు ఎవరు మోస్తారు, దడి దేన్ని పట్టుకుని ఉంటుంది అన్న లెక్క మాత్రం అదే. ఒకసారి మా అమ్మ నా తెర మీదికి తొంగి చూసి, "గుంజలు అంత దూరం పెట్టావేమిటి, గాలికి ఆగుతుందా?" అంది. మా ఆఫీసులో ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఆగుతుంది. రేకులు గర్టులకు బిగిశాక ఆ గోడంతా ఒక్క పలకలా పనిచేసి పక్కకు వాలకుండా పట్టుకుంటుంది.

అపోహ: గోడ మందం చూపు కోసమే, కొలతకు దానితో పని లేదు.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తినేసేది ఇది. సాఫ్ట్‌వేర్‌లో గోడంటే పొరలు. బయటి నుంచి లోపలికి రేకు, ఒకటిన్నర అంగుళాల గర్టు, ఐదున్నర అంగుళాల పోస్టు. ఆరు బై ఆరు అని పిలిచినా చేతికొచ్చే పోస్టు ఐదున్నరే, ఆ సంగతి మీకు తెలిసిందే. ఈ పొరల్లో ఒకదాన్ని ప్రధాన పొరగా ఎంచుకోవాలి. కొలత గీతలు, పునాది, పైకప్పు అన్నీ దాని బయటి ముఖాన్నే పట్టుకుంటాయి. ప్రధాన పొర పోస్టు అయితే నలభై అడుగులంటే పోస్టు నుంచి పోస్టుకు. గర్టు అయితే గర్టు నుంచి గర్టుకు. రెండింటికీ తేడా పక్కకు ఒకటిన్నర చొప్పున మూడు అంగుళాలు. తెర మీద ఆ మూడు అంగుళాలు కంటికి కూడా ఆనవు.

నేను ఈ పని మొదలుపెట్టిన రెండో ఏడు. ఒహాయో గుత్తేదారు ఒకాయన నలభై బై అరవైనాలుగు షెడ్డు అడిగాడు. ప్రధాన పొర పోస్టే కదా అనుకుని పోస్టుల బయటి ముఖాలకు సరిగ్గా నలభై పెట్టి పోస్టుల ప్లాన్ పంపాను. ఆయన లెక్కలో నలభై అంటే గర్టుల బయటి అంచులు. ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. ట్రస్‌లు మాత్రం తన అలవాటు ప్రకారం నలభైకి చేయించుకున్నాడు. గోతులు నా డ్రాయింగు చూసి తవ్వారు, కాంక్రీటు పోశారు. క్రేనుతో మొదటి ట్రస్ ఎత్తి దించారు. దాని కొన పోస్టు బయటి ముఖం దగ్గరే ఆగిపోయింది. బయటి క్యారియర్ ఆ ముఖానికి అవతల, ట్రస్ ఆననే ఆనకుండా ఖాళీగా ఉంది. మనకు రాత్రి ఎనిమిదిన్నర, వాళ్లకు ఉదయం పదకొండు. ఫోనులో ఆయన అరవలేదు. ఫొటో పంపి, "ఇది చూడు" అన్నాడు, అంతే. క్యారియర్ మీద టేపు పెట్టి తీసిన ఫొటో, టేపు మీద ఒకటిన్నర దగ్గర వేలిగోరు. ట్రస్‌లు చేసిన కర్మాగారం ఇంజినీరు సవరణ గీసి సంతకం పెట్టేదాకా పని ఆగింది. క్రేను అద్దె ఆగలేదు. ఆ నెల నా బిల్లు నేనే వదులుకున్నాను.

అప్పటినుంచి ఏ పనికైనా గోడ గీయకముందే క్లయింటుకు ఒక్క ప్రశ్న పంపుతాను: మీ వెడల్పు పోస్టు బయటికా, గర్టు బయటికా? జవాబు రాతలో వచ్చేదాకా మౌస్ ముట్టుకోను. వచ్చాక దానికి తగ్గట్టు గోడ రకం తయారు చేసుకుని, పోస్టుల ప్లాన్ మీద "ఈ కొలతలు పోస్టు బయటి ముఖానికి" అని పెద్ద అక్షరాలతో రాస్తాను. పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

అపోహ: పోస్టులు కూడా గోడ పనిముట్టుతోనే వస్తాయి.

స్టడ్ సైజు ఆరు బై ఆరు అని, ఎడం 96 అంగుళాలని మార్చి సరిపెట్టేవాళ్లు ఉన్నారు. నేల పైభాగం వరకు ఫరవాలేదు. కానీ గోడ నేలమట్టం దగ్గర ఆగిపోతుంది, పోస్టు ఆగదు. అక్కడి చలికి నేల గడ్డకట్టే లోతు దాటి కిందికి దిగాలి. మిన్నెసోటా రాష్ట్రం దక్షిణాన ఆ లోతు 42 అంగుళాలు, ఉత్తరాన 60. మే నెల గుంటూరులో కూర్చుని నేల గడ్డకట్టి పోస్టును పైకి తోస్తుందని కొత్తవాళ్లకు చెప్పడం ఎంత కష్టమో నాకే తెలుసు. గోడలో పోస్టులు తీసేసి, విడిగా స్తంభాలుగా పెట్టి కిందికి దించండి. మూలల్లో సాఫ్ట్‌వేర్ రెండు గోడలకూ చెరొక పోస్టు పెట్టేస్తుంది, అందులో ఒకటి తీసేయాలి.

తలుపులకూ ఇదే తంటా. మనిషి నడిచే చిన్న తలుపు రెండు పోస్టుల నడుమ గర్టులు కోసి ఇమిడిపోతుంది, దానికి ఇంటి తలుపులా పైన బరువు మోసే అడ్డ దూలం (హెడర్) అక్కర్లేదు. పన్నెండు అడుగుల షట్టరు ఎనిమిది అడుగుల ఎడంలో ఎలా పడుతుంది? ముందు తలుపులు పెట్టి, తర్వాత పోస్టులు సర్దండి.

పోల్ బార్న్ పదేళ్లకే పుచ్చిపోతుందన్న పుకారు గురించి నన్ను అడగకండి. ఒత్తిడితో మందు ఎక్కించిన కర్ర ఎందుకు పుట్టిందో తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. వచ్చే ఏడాది ఈ పనంతా యంత్రమే చేసేస్తుందని ఒకడు, ఇక ఈ ఉద్యోగాలు ఉండవని ఇంకొకడు. గర్టు బయటికా, పోస్టు బయటికా అని ముందు ఆ యంత్రాన్ని అడగమనండి.

చివరిది, భయపడేవాళ్ల కోసం. "నా డ్రాయింగు తప్పయితే షెడ్డు కూలి నా మీదికి వస్తుందా సార్?" అని ఒక అమ్మాయి మొన్న గొంతు వణుకుతూ అడిగింది. పోస్టు సైజు, పాతే లోతు, గాలికీ మంచుకూ తట్టుకునే లెక్క మన పని కాదమ్మా. అది ఆ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న ఇంజినీరు చూసి ముద్ర వేయాలి. మనం పంపేది కొలతలు. అందుకే ఆ అమ్మాయి ఫైలు తెరిచి నేను ముందుగా చూసింది ప్రధాన పొర. గర్టు మీద ఉంది. క్లయింటును అడిగావా అన్నాను. "ఇప్పుడే అడుగుతాను సార్" అని ఫోను పెట్టేసింది.