క్యాప్చర్‌లో కనబడకపోతే ప్యాకెట్ రానట్టేనా? ఫైర్‌వాల్ ప్యాకెట్ క్యాప్చర్: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఆసుపత్రులు, కాలేజీలు, రైసు మిల్లుల్లో నెట్‌వర్క్‌కి కాపలా కాసే బాక్సులు, అంటే ఫైర్‌వాల్స్, చూసే పని నాది. వాటి గుండా వెళ్లే ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, పట్టి చూపించేదే క్యాప్చర్. స్నిఫర్ అన్నా అదే. ఫోన్ ఎత్తగానే తరచూ వినబడే మాట ఒకటుంది. "సార్, ఫైర్‌వాల్‌లో క్యాప్చర్ పెట్టి చూశాం. ప్యాకెట్ రావడమే లేదు. లింకు వాళ్లదే తప్పు." ఒక్కోసారి చివరి ముక్క మాత్రం మారుతుంది. అవతలి సర్వర్‌దే తప్పు అంటారు, లేదంటే బాక్సే పోయింది, కొత్తది కొనాలి అంటారు. ఆ ఒక్క మాట పట్టుకుని కంప్లయింట్లు రాస్తారు, కొటేషన్లు తెప్పిస్తారు, లింకు వాళ్లతో గొడవ పెట్టుకుంటారు. అసలు సమస్య ఎక్కడిదక్కడే ఉంటుంది. డబ్బూ రోజులూ ఎక్కువగా తినేసేది ఈ అపోహే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: క్యాప్చర్‌లో కనబడలేదంటే ప్యాకెట్ రాలేదు.

క్యాప్చర్ అన్నీ చూపించదు. మీరు చెప్పిన ఇంటర్‌ఫేస్‌లో (పోర్టులో), మీరిచ్చిన ఫిల్టర్‌కి సరిపోయినవి, అందులోనూ సీపీయూ దాకా వచ్చినవి మాత్రమే చూపిస్తుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా స్క్రీన్ ఖాళీగా ఉంటుంది.

సీపీయూ సంగతే ఎక్కువమందికి తెలియదు. ఇప్పుడు చాలా ఫైర్‌వాల్స్‌లో ట్రాఫిక్ మోయడానికి వేరే చిప్పు ఉంటుంది. కనెక్షన్ మొదలయ్యేటప్పటి ప్యాకెట్లను సీపీయూ చూసి, పాలసీతో (అనుమతి నియమంతో) పోల్చి, ఆ తర్వాత సెషన్ మొత్తాన్ని చిప్పుకి అప్పగించేస్తుంది. దీన్నే ఆఫ్‌లోడ్ అంటాం. అలాంటి ఫోర్టిగేట్ ఫైర్‌వాల్‌లో స్నిఫర్ పెడితే కనెక్షన్ మొదలుపెట్టే హ్యాండ్‌షేక్ ప్యాకెట్లు మూడూ (సిన్, సిన్-ఆక్, ఆక్) చక్కగా కనబడతాయి, ఆ తర్వాత ఇక ఏమీ ఉండదు. ఆఫ్‌లోడ్ ఉన్న పాలో ఆల్టో మోడళ్లలోనూ దాదాపు ఇదే తీరు. చూసినవాళ్లు "హ్యాండ్‌షేక్ అయింది, తర్వాత సర్వర్ పలకడం లేదు" అని రిపోర్టు రాసేస్తారు. సర్వర్ పలుకుతూనే ఉంటుంది. ఆ జవాబు చిప్పు మీదుగా వెళ్లిపోతోంది కాబట్టి స్నిఫర్‌కి తెలియదు, అంతే.

అన్నీ కనబడాలంటే, ఫోర్టిగేట్ అయితే ఆ ట్రాఫిక్‌ని వదిలే ఒక్క పాలసీలో ఆటో-ఏసిక్-ఆఫ్‌లోడ్ డిసేబుల్ చేసి, పాత సెషన్ క్లియర్ చేసి, యూజర్‌ని మళ్లీ కనెక్ట్ అవమనండి. పాలో ఆల్టోలో 'సెట్ సెషన్ ఆఫ్‌లోడ్ నో' అంటే అది బాక్సు మొత్తానికీ వర్తిస్తుంది. కాబట్టి ఓపీ కిటకిటలాడే పొద్దునపూట ఆ పని పెట్టుకోకండి. పని అయ్యాక రెండింట్లోనూ ఆఫ్‌లోడ్ మళ్లీ ఆన్ చేయాలి.

ఇక ఫిల్టర్. వాన్ (ఇంటర్నెట్ వైపు) ఇంటర్‌ఫేస్ మీద 192.168తో మొదలయ్యే లోపలి అడ్రసు పెట్టి వెతికితే దొరకదు, అక్కడికి వచ్చేసరికి నాట్ (అడ్రసు మార్పిడి) అయిపోయి పబ్లిక్ ఐపీగా మారిపోయి ఉంటుంది. ఐపీసెక్ టన్నెల్ (రెండు చోట్ల మధ్య ఎన్‌క్రిప్ట్ చేసిన వీపీఎన్ దారి) ఉంటే బయట కనబడేది దాని పై చుట్టు మాత్రమే, అంటే ఈఎస్‌పీ, లేకపోతే యూడీపీ 4500. లోపలి ఐపీ, పోర్టు అక్కడ ఎంత వెతికినా ఉండవు. ట్రంక్ పోర్టు (పలు వీలాన్‌లు, అంటే విడదీసిన నెట్‌వర్క్‌లు, కలిసి వెళ్లే పోర్టు) మీద టీసీపీడంప్ అనే క్యాప్చర్ టూల్ పెట్టి 'హోస్ట్' అని మాత్రమే ఇస్తే వీలాన్ ట్యాగ్ ఉన్నవి తప్పించుకుంటాయి, 'వీలాన్ అండ్ హోస్ట్' అనాలి. మన వైపు రోడ్డు పనుల్లో ఫైబర్ తెగుతూ ఉంటుందని చాలామంది రెండు లింకులు పెట్టుకుంటారు. అలాంటి చోట అడిగింది ఒక లింకులో వెళ్లి జవాబు రెండో లింకులో రావచ్చు. ఒక్క లింకు మీదే క్యాప్చర్ పెడితే సగం కథే తెలుస్తుంది.

ఒక ఆసుపత్రిలో జరిగింది చెప్తాను. రాయగడ జిల్లాలోనే, పేరు అక్కర్లేదు. సీటీ ఇమేజీలు టన్నెల్ మీదుగా విశాఖపట్నంలో రేడియాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. పింగ్ వస్తోంది. డైకామ్ (స్కాన్ ఇమేజీలు పంపే పద్ధతి) ఎకో టెస్టు పాసవుతోంది. ఇమేజీ పంపితే మాత్రం కదలదు. అక్కడి సిస్టమ్స్ కుర్రాడు లాన్ (ఆసుపత్రి లోపలి నెట్‌వర్క్) వైపు స్నిఫర్ పెట్టాడు, మూడు ప్యాకెట్లు కనబడి ఆగిపోయాయి. వాన్ వైపు సర్వర్ ఐపీతో పెట్టాడు, సున్నా. "ఫైర్‌వాల్ మింగేస్తోంది" అని ఒకరన్నారు, "విశాఖ వాళ్ల సర్వర్ డౌన్" అని ఇంకొకరు. ఏదో వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ మోడల్ అంతే, వీపీఎన్‌కి పనికిరాదన్నారట. ఆ ముక్క పట్టుకుని మేనేజ్‌మెంట్ కొత్త బాక్సుకి కొటేషన్ తెప్పించింది. ఇలాంటి గాలి కబుర్లకు నాకు ఓపిక లేదు. బాక్సు ఎదురుగా ఉంది, అడిగితే అదే చెప్తుంది కదా! ఆ కుర్రాడి మీద మాత్రం జాలేసింది. "అన్నా, రాత్రి యాక్సిడెంట్ కేసు వస్తే రిపోర్టు రాదు, అందరూ నా మొహమే చూస్తారు" అన్నాడు. అతని టెన్షన్‌లో అబద్ధం లేదు.

పాలసీలోనూ టన్నెల్‌లోనూ ఆఫ్‌లోడ్ ఆపి, లాన్ మీద ఒకటి, వాన్ మీద అవతలి పబ్లిక్ ఐపీ ఫిల్టర్‌తో ఇంకొకటి, రెండూ ఒకేసారి పెట్టాం. విశాఖ వాళ్లను కూడా అదే నిమిషంలో వాళ్ల వాన్ మీద పెట్టమన్నాం. ఇప్పుడు లాన్ పీక్యాప్‌లో (క్యాప్చర్ ఫైల్లో) కథంతా కనబడింది. హ్యాండ్‌షేక్ తర్వాత చిన్న ప్యాకెట్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఇమేజీ మొదలవగానే ఫుల్ సైజు ప్యాకెట్ ఒకటి వెళ్తోంది, దానికి ఆక్ (అందిందన్న జవాబు) లేదు. అదే సీక్వెన్స్ నంబరుతో మళ్లీ, మళ్లీ, మధ్యలో గ్యాప్ ప్రతిసారీ రెట్టింపవుతూ. మా వాన్‌లో పెద్ద యూడీపీ 4500 ప్యాకెట్లు బయటికి వెళ్తున్నాయి. వాళ్ల వాన్‌లో చిన్నవే దిగుతున్నాయి, పెద్దవి దిగడం లేదు.

మాది ఈథర్నెట్ లీజ్డ్ లైను, ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500 బైట్లు. వాళ్లది పీపీపీఓఈ బ్రాడ్‌బ్యాండ్. పీపీపీఓఈ హెడరే 8 బైట్లు తీసుకుంటుంది కాబట్టి 1492. మా ఫైర్‌వాల్ తన వైపు 1500 చూసుకుని టన్నెల్ ప్యాకెట్లు కడుతోంది, 1492 దాటినవి దారిలో పడిపోతున్నాయి. పడిపోయినప్పుడు 'ఇంత సైజు పట్టదు' అని చెప్పే ఐసీఎంపీ మెసేజ్, టైప్ 3 కోడ్ 4, మా దగ్గరికి రావాలి. సెక్యూరిటీ పేరుతో ఎవరో ఎప్పుడో ఐసీఎంపీ మొత్తం బ్లాక్ చేసి పెట్టారు. పింగ్, ఎకో రెండూ చిన్నవి కాబట్టి దాటిపోయేవి. టన్నెల్ పాలసీలో టీసీపీ ఎంఎస్ఎస్‌ని (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా హద్దుని) 1350కి దించగానే ఇమేజీలు కదిలాయి. కొటేషన్ పక్కన పెట్టేశారు.

అక్కడ ఎవరూ కావాలని తప్పు చెప్పలేదు. ఖాళీ స్క్రీన్‌ని సాక్ష్యం అనుకున్నారు, అంతే. ఖాళీగా వస్తే ముందు మీకు కచ్చితంగా తెలిసిన ట్రాఫిక్ పెట్టి చూడండి. అదే ఇంటర్‌ఫేస్‌లో మీ సొంత ల్యాప్‌టాప్ పింగ్ కనబడుతోందా? అది కూడా కనబడకపోతే తప్పు క్యాప్చర్‌ది.

ప్యాకెట్ బాక్సులోకి వచ్చి అక్కడే పడిపోతోందని అనుమానమా? దానికి వేరే చూపు ఉంది. పాలో ఆల్టోలో రిసీవ్, ఫైర్‌వాల్, ట్రాన్స్‌మిట్, డ్రాప్ అని నాలుగు స్టేజీలుంటాయి. సిస్కో ఏఎస్ఏలో ఏఎస్‌పీ-డ్రాప్ క్యాప్చర్, సోఫోస్‌లో డ్రాప్-ప్యాకెట్-క్యాప్చర్. చెక్ పాయింట్‌లో ఎఫ్‌డబ్ల్యూ మానిటర్ పెడితే చిన్న ఐ (i, తనిఖీకి ముందు) వచ్చి పెద్ద ఐ (I, తనిఖీ తర్వాత) రాకపోతే లోపలికి వచ్చే దారిలోనే ఆగిపోయిందని అర్థం.

అపోహ: క్యాప్చర్ పెడితే ఫైర్‌వాల్ హ్యాంగ్ అవుతుంది.

ఫిల్టర్, లిమిట్ రెండూ లేకుండా, రద్దీ సమయంలో, స్క్రీన్ మీదకి వదిలితే కష్టమే. ఒక హోస్టు, ఒక పోర్టు, వంద ప్యాకెట్లు అని హద్దు పెడితే ఏమీ కాదు. 1988లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో పుట్టిన టీసీపీడంప్ ఫిల్టర్ భాషే ఇప్పటికీ చాలా బాక్సుల్లో నడుస్తోంది, ఒక పూట కూర్చుంటే వచ్చేస్తుంది. ఏఎస్ఏలో డిఫాల్ట్ బఫర్ 512 కేబీ, నిండితే ఆగిపోతుంది. అది ఆగిపోవడాన్ని ట్రాఫిక్ ఆగిపోవడం అనుకోకండి.

అపోహ: వైర్‌షార్క్‌లో (క్యాప్చర్ తెరిచి చూసే ప్రోగ్రాంలో) నల్ల గీత, ఎర్ర గీత కనబడితే అటాక్.

కాదు. నాలుగు రీట్రాన్స్‌మిషన్లు (మళ్లీ పంపడాలు) ఏ లింకులోనైనా ఉంటాయి. పంపే పీసీ మీదే క్యాప్చర్ తీస్తే చెక్‌సమ్ (డేటా సరిచూసే లెక్క) తప్పు అని చూపించవచ్చు, చెక్‌సమ్ వేసేది నెట్‌వర్క్ కార్డు, క్యాప్చర్ అంతకంటే ముందే పట్టేస్తుంది.

అపోహ: క్యాప్చర్ పెడితే మా వాట్సాప్ మెసేజీలు, పాస్‌వర్డులు చదివేస్తారు.

నర్సులు, లెక్చరర్లు భయంభయంగా అడుగుతారు ఇది. అడగడంలో తప్పేమీ లేదు. వాట్సాప్ మెసేజీలు, హెచ్‌టీటీపీఎస్ సైట్లలో కొట్టిన పాస్‌వర్డులు మామూలు క్యాప్చర్‌లో చదవలేం. ఏ ఐపీకి, ఎప్పుడు, ఎంత డేటా వెళ్లిందో తెలుస్తుంది. డీఎన్ఎస్ (సైటు పేరుకి ఐపీ అడగడం) వల్లో ఎస్ఎన్ఐ (కనెక్షన్ మొదట్లో సైటు పేరు చెప్పడం) వల్లో సైటు పేరు చాలాసార్లు తెలుస్తుంది. అయితే మామూలు హెచ్‌టీటీపీ, ఎఫ్‌టీపీ, టెల్నెట్ పాస్‌వర్డులు అక్షరం పొల్లుపోకుండా కనబడతాయి. ఆసుపత్రి లాన్‌లో డైకామ్ చాలా చోట్ల ఎన్‌క్రిప్షన్ లేకుండానే తిరుగుతుంది, అంటే పేషెంటు పేరు, వయసు పీక్యాప్ ఫైల్లో ఉన్నాయన్నమాట. అందుకే ఆ ఫైల్‌ని గ్రూపుల్లో పెట్టి "ఎవరైనా చూసి చెప్పండి" అనకండి. ఇలాంటి సమస్యలకు హెడర్లు (ప్యాకెట్ మొదట్లో ఉండే అడ్రసు వివరాలు) చాలు. స్నాప్‌లెన్ (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే బైట్లు) 96 పెట్టి తీసి, ఏ ఐపీ నుంచి ఏ ఐపీకి, ఏ ఇంటర్‌ఫేస్‌లో, ఎన్ని గంటలకు తీశారో, ఆఫ్‌లోడ్ ఆపారో లేదో రాసి, పని చూసే మనిషికి మాత్రమే పంపండి.