పీవీని 1991 నుంచి చదవడం మొదలుపెడితే సగం కథే తెలుస్తుంది

పీవీ నరసింహారావు గారి పేరెత్తితే చాలు మాట నేరుగా 1991కి వెళ్ళిపోతుంది. లైసెన్స్ రాజ్, రూపాయి విలువ తగ్గించడం, మన్మోహన్ సింగ్, ఆ తర్వాత బాబ్రీ మసీదు. పొగిడేవాళ్ళూ అక్కడే మొదలెడతారు, తిట్టేవాళ్ళూ అక్కడే. ప్రధాని అయ్యేనాటికి ఆయనకి 70 ఏళ్ళు నిండబోతున్నాయి, అంటే జీవితంలో ముప్పాతిక భాగం పైన అప్పటికే అయిపోయింది. ఆయన ఎందుకంత ఆచితూచి మాట్లాడేవారు, పెద్దపెద్ద నిర్ణయాలు కూడా చప్పుడు కాకుండా ఎందుకు కానిచ్చేవారు అన్నదానికి జవాబు నా ఉద్దేశంలో 1971 సెప్టెంబర్ నుంచి 1973 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న ఆ పదిహేను నెలల్లో ఉంది. కానీ అక్కడికి రావాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1921 జూన్ 28న వరంగల్ జిల్లా నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టారు. చిన్నతనంలోనే కరీంనగర్ జిల్లా వంగరకి దత్తత వెళ్ళారు, వందల ఎకరాలున్న ఇల్లు అది. ఈ భూమి సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలా పనికొస్తుంది. పదేళ్ళకే సత్యమ్మ గారితో పెళ్ళయిపోయింది. ఇంట్లో తెలుగు, నిజాం రాజ్యం కాబట్టి బళ్ళో ఉర్దూ, అలా రెండు భాషలు ఒకేసారి వచ్చేశాయి.

1938లో వందేమాతరం ఉద్యమం వచ్చింది. హైదరాబాద్‌లో ఉస్మానియా హాస్టల్ విద్యార్థులు ఆ పాట పాడితే అధికారులు వద్దన్నారు, వద్దన్నకొద్దీ సమ్మె మిగతా ఊళ్ళకి పాకింది, వరంగల్‌లో చదువుతున్న పీవీ కూడా అందులో దిగారు, దాంతో కాలేజీ నుంచి తీసేశారు. నిజాం ఇలాకాలో ఇక చదువు సాగే పరిస్థితి లేదు. అలా బయటికొచ్చిన వాళ్ళని నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకుంది. పీవీ ఇంటర్ అక్కడ పూర్తిచేసి, పుణె ఫెర్గూసన్ కాలేజీలో బీఎస్సీ, మళ్ళీ నాగపూర్‌లో లా చదివారు. ఒక పాట కోసం జరిగిన గొడవ ఆయన్ని మహారాష్ట్ర వైపు తోసింది, మరాఠీ మాతృభాష అంత బాగా వచ్చింది. దాదాపు నలభై అయిదేళ్ళ తర్వాత ఈ మరాఠీయే ఆయన ఎంపీ సీటు కాపాడింది, ఆ సంగతి చివర్లో చెప్తా.

హైదరాబాద్ తిరిగొచ్చి లాయరూ కాంగ్రెస్ నాయకుడూ అయిన బూర్గుల రామకృష్ణారావు గారి దగ్గర జూనియర్ లాయర్‌గా చేరారు. రాజకీయాల్లో మాత్రం స్వామి రామానంద తీర్థ శిష్యుడు. స్టేట్ కాంగ్రెస్‌లో, అంటే హైదరాబాద్ సంస్థానంలోని కాంగ్రెస్‌లో, స్వామీజీ వర్గం, బూర్గుల వర్గం వేరు వేరు, ఈయనేమో పొద్దున ఒకరి ఆఫీసులో ఫైళ్ళు చూసి సాయంత్రం ఇంకొకరి మీటింగ్‌కి పోయే మనిషి! రెండు వైపులా మాట పోకుండా ఉండటం అక్కడే అలవాటైందేమో అనిపిస్తుంది నాకు. 1947-48లో నిజాంకి వ్యతిరేకంగా సరిహద్దు క్యాంపులు నడిచినప్పుడు చాందా క్యాంపులో పనిచేశారు. ఆ తర్వాత వరంగల్‌లో బంధువు పాములపర్తి సదాశివరావు గారితో కలిసి కాకతీయ పత్రిక నడిపారు. నిజాం పోలీసులు తరుముతుంటే వచ్చిన కుర్రాడికి తన గుడిసెలో చోటిచ్చి కాపాడిన గొల్ల ముసలమ్మ మీద కథ రాసింది ఆ రోజుల్లోనే. దొరల ఇంట్లో పెరిగిన మనిషి ఆ ముసలమ్మని కథకి మధ్యలో నిలబెట్టడం చిన్న విషయం కాదు.

1952 ఎన్నికల్లో ఓడిపోయారు, కరీంనగర్ వైపు అప్పుడు కమ్యూనిస్టుల గాలి గట్టిగా ఉంది. 1957లో మంథని నుంచి గెలిచి వరసగా నాలుగుసార్లు అక్కడే ఎమ్మెల్యే. 1962 నుంచి మంత్రి, న్యాయం, సమాచారం, దేవాదాయం, ఆరోగ్యం, తర్వాత విద్య. విద్యాశాఖలో ఉన్నప్పుడే 1968లో తెలుగు అకాడమీ వచ్చింది, కాలేజీ చదువులకి తెలుగులో పుస్తకాలు ఉండాలని. ఈ తరంలో పోటీ పరీక్షలు రాసిన వాళ్ళలో ఆ పుస్తకాలు ముట్టని వాళ్ళు తక్కువ.

1969లో తెలంగాణ ఉద్యమం అంటుకుంది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలో ఉన్న 14 సీట్లలో 10 ప్రత్యేక రాష్ట్రం కోరుతున్న తెలంగాణ ప్రజాసమితి ఎగరేసుకుపోయింది. అప్పటి ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డి గారిని దించక తప్పలేదు, ఇందిరా గాంధీకి తెలంగాణ మనిషి కావాలి, అలాగని సొంత గ్రూపు కట్టుకుని తనకే ఎదురు తిరిగేవాడు కాకూడదు. పీవీ రెండిటికీ సరిపోయారు. అలా 1971 సెప్టెంబర్ 30న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలంగాణ నుంచి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. 1972 మార్చి అసెంబ్లీ ఎన్నికల్లో 287 సీట్లకి కాంగ్రెస్‌కి 219 వచ్చాయి. అంత బలం చూసి ఎవరైనా హాయిగా కూర్చుంటారు, ఈయన నేరుగా భూమి మీద చెయ్యి పెట్టారు.

భూసంస్కరణల మాట అంతకుముందు కూడా ఉంది, 1961లోనే ఒక సీలింగ్ చట్టం, అంటే ఎవరికి ఎంత భూమి ఉండొచ్చో పరిమితి పెట్టే చట్టం, వచ్చింది, కానీ అందులో ఉన్న సందుల్లోంచి భూమి అంతా జారిపోయింది. పీవీ చేసినదాంట్లో గొప్పేంటంటే ముందు తలుపులు మూశారు. కొత్త సీలింగ్ వస్తుందని తెలిస్తే ఏం చేస్తారు, రాత్రికి రాత్రి బంధువుల పేరు మీద, జీతగాళ్ళ పేరు మీద రాసేస్తారు కదా, అందుకే 1972 మే 2 నుంచి వ్యవసాయ భూముల అమ్మకాలు, బదిలీల మీదే నిషేధం పెట్టారు. అంతకుముందు, 1971 జనవరి 24 తర్వాత జరిగిన బదిలీలు కూడా సీలింగ్ తప్పించుకోడానికి కాదని యజమానే రుజువు చేసుకోవాలి. పరిమితి ఎంతంటే అయిదుగురు ఉన్న కుటుంబానికి నేల రకాన్ని బట్టి తరి (నీళ్ళు పారే భూమి) అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట (వాన మీద ఆధారపడేది) అయితే 35 నుంచి 54. తన కుటుంబం భూమి కూడా ఈ లెక్క కిందకే వస్తుందని తెలిసి చేసిన పని ఇది. ఆ కాలంలో అసెంబ్లీలో కూర్చున్న వాళ్ళలో ఎంతమంది భూస్వాములో ఆలోచించండి, సొంత పార్టీ వాళ్ళే కుర్చీ కింద మంట పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి.

మంటకి సందు ముల్కీ కేసు ఇచ్చింది. నిజాం 1919లో పెట్టిన ముల్కీ నిబంధనలు, అంటే స్థానికులకే ఉద్యోగాలు అన్న రూల్స్, చెల్లుతాయని 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ముఖ్యమంత్రి కోర్టు మాటే ఆఖరు అన్నట్టు మాట్లాడారు, లాయర్‌గా చూస్తే తప్పేం లేదు, కానీ కోస్తా, రాయలసీమ జనానికి అది తెలంగాణ మనిషి తన వాళ్ళ వైపు నిలబడినట్టే వినిపించింది. ఆంధ్రకి వేరే రాష్ట్రం కావాలంటూ జై ఆంధ్ర ఉద్యమం మొదలైంది. విద్యార్థులు, ఎన్జీవోలు (నాన్-గెజిటెడ్ ప్రభుత్వ ఉద్యోగులు) నిజంగానే ఉద్యోగాల భయంతో రోడ్ల మీదకొచ్చారు, వాళ్ళని తప్పు పట్టలేం. అయితే వాళ్ళ వెనక సీలింగ్ కోపం ఉన్న పెద్ద రైతులు కూడా ఉన్నారన్నది నా నమ్మకం, ఆ నెలల వరస చూస్తే వేరేలా అనుకోవడం కష్టం. నవంబర్‌లో ఇందిరమ్మ ముల్కీ గొడవకి రాజీగా అయిదు సూత్రాలు ప్రకటించినా చల్లారలేదు, కోస్తా మంత్రులు రాజీనామాలు చేశారు. 1973 జనవరి 10న పీవీ దిగిపోయారు, వెంటనే రాష్ట్రపతి పాలన.

సీలింగ్ చట్టం పుస్తకాల్లో 1973లో ఒకటో నంబర్ చట్టం. కానీ అది అమలయ్యేనాటికి దాన్ని తెచ్చిన మనిషి కుర్చీలో లేడు. అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న, తర్వాతి ముఖ్యమంత్రి వెంగళరావు గారి హయాంలో, ఈలోపు తలుపులకి మళ్ళీ ఎన్ని సందులు పడ్డాయో ఊళ్ళల్లో పాతవాళ్ళని అడిగితే చెప్తారు.

ఆయన పదవిలో ఉండగానే మొదలైన ఇంకో పని మాత్రం నిలబడింది, నల్గొండ జిల్లా సర్వేల్‌లో పెట్టిన గురుకుల పాఠశాల. తర్వాత వచ్చిన గురుకులాలన్నిటికీ అదే నమూనా.

దిగిపోయాక రాష్ట్రంలో ఆయనకి పెద్దగా చోటు మిగల్లేదు. ఏఐసీసీ (అఖిల భారత కాంగ్రెస్ కమిటీ) ప్రధాన కార్యదర్శిగా ఢిల్లీ వెళ్ళారు, 1977లో హన్మకొండ నుంచి ఎంపీ, 1980లో విదేశాంగ మంత్రి. 1984లో రెండు చోట్ల నిలబడితే సొంత హన్మకొండలో బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు, నాగపూర్ పక్కన రాంటెక్‌లో గెలిచారు. 1938లో కాలేజీ నుంచి గెంటేస్తే చదువుకోడానికి వెళ్ళిన ప్రాంతమే అది, అక్కడ ఆయన వాళ్ళ మరాఠీలోనే వాళ్ళతో మాట్లాడగలిగారు. 1973లో అసెంబ్లీలో బలం ఉండి కూడా పడిపోయిన ఈ మనిషే, 1991లో మెజారిటీ కూడా లేని ప్రభుత్వాన్ని అయిదేళ్ళు నడిపాడు.