క్రిస్మస్ తెర మీద కౌబాయ్: ఆ టోపీ ఎవరి సొత్తు?

2024 క్రిస్మస్ రోజున హ్యూస్టన్‌లోని ఎన్‌ఆర్‌జీ స్టేడియంలో, అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ విరామంలో నల్లజాతి గాయని బియాన్సే తెల్ల గుర్రం మీద వచ్చారు. తెల్ల టోపీ, తెల్ల దుస్తులు, తోడుగా టెక్సస్ సదరన్ యూనివర్సిటీ బ్యాండు. నెట్‌ఫ్లిక్స్ ఇచ్చిన ఆ లైవ్‌ను ఒక్క అమెరికాలోనే 2.7 కోట్ల మందికి పైగా చూశారు. పావుగంట కూడా లేని ఆ షోను తర్వాత విడిగా ఒక స్పెషల్‌గా పెట్టారు. హ్యూస్టన్ ఆమె సొంత ఊరు. పాడినవి చాలావరకు ఆ ఏడాది మార్చిలో వచ్చిన కౌబాయ్ కార్టర్ ఆల్బమ్‌లోని పాటలు. అప్పటికే ఏడాదంతా నలుగుతున్న తగువు ఆ రాత్రి మళ్లీ రాజుకుంది. ఇది కంట్రీ సంగీతమేనా, అంటే అమెరికా పల్లెల నుంచి వచ్చిన ఆ పాటల కోవలోదేనా? ఆ టోపీ పెట్టుకునే హక్కు ఎవరికుంది?

హ్యూస్టన్ చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లకు ఈ వేషం కొత్త కాదు. ఏటా రోడియో, అంటే గుర్రాలతో పశువులతో ఆడే కౌబాయ్ పోటీలు, మొదలయ్యే ముందు అక్కడ 'గో టెక్సన్ డే' అని ఒక రోజు జరుపుతారు. ఆ రోజు మన పిల్లలు కూడా కౌబాయ్ బూట్లు వేసుకుని బడికి వెళ్తారు. ఇక్కడున్న మనకు మాత్రం కౌబాయ్ అంటే 1971లో కృష్ణ చూపించిన మనిషే: గుర్రం, తుపాకీ, నిధి వేట. అమెరికా ఇళ్లలో క్రిస్మస్‌కు టీవీ మీద కనిపించే కౌబాయ్ వేరు. అతను గిటారు పట్టుకుని పాడతాడు, పిల్లలకు కథలు చెబుతాడు. ఆ కౌబాయ్‌ని కొందరు కూర్చుని తయారుచేశారు. ఎలా తయారుచేశారో తెలిస్తే తప్ప ఇప్పటి తగువు అర్థం కాదు.

అసలు కౌబాయ్‌ల కాలం చాలా చిన్నది. 1865లో అంతర్యుద్ధం ముగిశాక టెక్సస్ నుంచి కన్సాస్ రైల్వే స్టేషన్ల దాకా పశువుల మందల్ని నడిపించుకుపోయేవారు. ముళ్లకంచెలు, కొత్త రైలు మార్గాలు వచ్చి ఇరవయ్యేళ్లలోనే ఆ పని తగ్గిపోయింది. గుర్రం మీద నుంచి తాడు విసిరి పశువును పట్టే విద్య మెక్సికో పశుపాలకుల దగ్గర నేర్చుకున్నది. కౌబాయ్‌లలో సుమారు నలుగురిలో ఒకరు నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. వాళ్లలో చాలామంది బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డవాళ్లు.

వాళ్ల క్రిస్మస్ ఎలా ఉండేదో తెలియాలంటే టెక్సస్‌లోని ఆన్సన్ అనే చిన్న ఊరి సంగతి చెప్పుకోవాలి. 1885లో అక్కడి మార్నింగ్ స్టార్ హోటల్‌లో ఒక కొత్త జంట పేరు మీద క్రిస్మస్ డాన్సు జరిగింది. న్యూజెర్సీ నుంచి వచ్చి అక్కడ పశువుల పెంపకంలో దిగిన లారీ చిటెండెన్ దాని మీద పద్యం రాస్తే 1890లో స్థానిక పత్రిక వేసింది. పద్యం నిలిచింది కానీ డాన్సు మరుగున పడింది. 1934లో లియొనోరా బారెట్ అనే టీచర్ దాన్ని మళ్లీ నిలబెట్టారు. ఆ ఊళ్లో 1987 దాకా డాన్సుల మీద నిషేధం ఉండేది, ఈ క్రిస్మస్ డాన్సుకు మాత్రం మినహాయింపు ఇచ్చేవారు. పాత పద్ధతులు అక్కడ ఇంకా పాటిస్తున్నారు. ఆడవాళ్లు లంగాలో గౌనులో వేసుకోవాలి, ప్యాంటుతో వస్తే డాన్సు లేదు. మగవాళ్లు ఫ్లోర్ మీదికి వచ్చేముందు టోపీ తీసి పక్కన పెట్టాలి. కౌబాయ్‌ల పండగలో టోపీ తీసేయడమే మర్యాద! టీవీలో టోపీ లేకుండా కౌబాయ్‌ని ఎప్పుడైనా చూశామా?

టీవీ కన్నా ముందు రేడియో ఉంది. చికాగోలో 1924లో డబ్ల్యూఎల్ఎస్ బార్న్ డాన్స్ కార్యక్రమం, 1925లో నాష్‌విల్‌లో తర్వాత గ్రాండ్ ఓల్ ఆప్రీ అని పేరు పడ్డ కార్యక్రమం మొదలయ్యాయి. వాటిలో వాయించినవాళ్లు ఎక్కువగా కొండప్రాంతాల, పల్లెల మనుషులు. పశువుల మందతో వాళ్లకు సంబంధమే లేదు. పట్నంవాళ్లు వాళ్ల సంగీతాన్ని 'హిల్‌బిల్లీ' అని వెక్కిరింపుగా పిలిచేవారు. పాత ప్యాంట్లు, గడ్డి టోపీల వేషంలో నిలబెట్టి ఫోటోలు తీసేవారు. అలాంటప్పుడు సినిమాల నుంచి పాడే కౌబాయ్ వచ్చాడు: శుభ్రమైన బట్టలు, తలెత్తుకు తిరిగే హీరో. పల్లె గాయకులు ఆ వేషాన్ని ఆత్మగౌరవం కోసం తొడుక్కున్నారు. నాకు ఇందులో తప్పేమీ కనిపించదు. తమను చూసి నవ్వే లోకం ముందు మంచి బట్టలు కట్టుకోవాలని ఎవరికి ఉండదు? 1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన పాటల చార్టు పేరునే 'కంట్రీ అండ్ వెస్టర్న్'గా మార్చింది.

ఆ వేషాన్ని క్రిస్మస్‌తో ముడివేసింది జీన్ ఆట్రీ. టెక్సస్‌లో పుట్టి, ఓక్లహోమాలో రైల్వే టెలిగ్రాఫ్ ఆపరేటరుగా చేసి, హాలీవుడ్‌లో పాడే కౌబాయ్‌గా పేరు తెచ్చుకున్నారు. 1946లో హాలీవుడ్ క్రిస్మస్ ఊరేగింపులో తన గుర్రం చాంపియన్ మీద వెళ్తుంటే, దారి పక్కనున్న పిల్లలు వెనక రాబోయే శాంటా కోసం కేకలు వేయడం విన్నారట. ఆ కేకల్లోంచి పుట్టిన పాట 1947లో రికార్డుగా వచ్చింది. రెండేళ్లకు ఎర్రముక్కు రెయిన్‌డీర్ రుడాల్ఫ్ పాట. రుడాల్ఫ్ కథ 1939లో మాంట్‌గమరీ వార్డ్ అనే చికాగో కంపెనీ తన షాపులకు వచ్చే పిల్లలకు ఉచితంగా పంచిన పుస్తకంలోది. దాన్ని రాసిన ఉద్యోగి సోదరి భర్త జానీ మార్క్స్ పాట కట్టారు. ఆట్రీకి మొదట నచ్చలేదు, భార్య ఇనా పట్టుబట్టి పాడించారని ఆయనే చెప్పేవారు. 1949 క్రిస్మస్‌కు దేశంలో నంబర్ వన్ అదే. 1964లో ఆ కథే ఎన్‌బీసీ టీవీలో బొమ్మల స్పెషల్‌గా వచ్చి, ఇప్పటికీ ఏటా వేస్తున్నారు.

ఆ మెరిసే బట్టలు కుట్టిందెవరు? కంట్రీ తారలు వరస కట్టింది హాలీవుడ్‌లో నూడీ కోన్ అనే దర్జీ షాపుకు. ఆయన కీవ్‌లో పుట్టిన యూదుడు. కోటు నిండా బండిచక్రాలు, ముళ్లమొక్కలు కుట్టి వాటి చుట్టూ రాళ్లు పొదిగేవారు. ఆయన దగ్గర పనిచేసి తర్వాత నాష్‌విల్ చేరిన మాన్యుయెల్ క్యూవాస్ మెక్సికోలో పుట్టినవారు. అచ్చమైన అమెరికా తెల్లవాడి వేషం అని నేడు కొందరు పోట్లాడే ఆ దుస్తుల వెనక ఈ ఇద్దరి సూదీ దారం ఉన్నాయి.

ఇక నల్లజాతివాళ్ల సంగతి. 1927 డిసెంబరు 10 రాత్రి నాష్‌విల్ రేడియోలో అనౌన్సర్ జార్జ్ హే నోటి వెంట 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అన్న మాట తొలిసారి వచ్చింది. అప్పుడే మౌతార్గాన్ వాయించి ముగించిన కళాకారుడు డిఫోర్డ్ బెయిలీ. పాటల హక్కుల గొడవ నడుస్తున్నప్పుడు, 1941లో ఆయన్ను తీసేశారు. ఆ తర్వాత నాష్‌విల్‌లోనే బూట్లు పాలిష్ చేసుకుంటూ బతికారు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 2005లో ఇచ్చారు, అప్పటికి ఆయన పోయి ఇరవయ్యేళ్లు దాటింది. సినిమాల్లో 1937 నుంచి హెర్బ్ జెఫ్రీస్ నల్లజాతి ప్రేక్షకుల కోసం పాడే కౌబాయ్‌గా నటించారు. చార్లీ ప్రైడ్ 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్, అంటే సీఎంఏ, అత్యున్నత అవార్డు గెలిచారు. ఇలాంటి పేర్లు ఉన్నాయి కానీ చాలాకాలం ఒక్కొక్కటిగానే వచ్చాయి.

క్రిస్మస్ స్పెషల్స్ మాత్రం వరసగా వచ్చాయి. 1971లో సీబీఎస్ పల్లె కార్యక్రమాలన్నీ తీసేసినా పండగ షోలకు గిరాకీ తగ్గలేదు. 1976లో అదే చానెల్‌లో జానీ క్యాష్ భార్య జూన్ కార్టర్‌తో, మతప్రచారకుడు బిల్లీ గ్రహంతో కలిసి క్రిస్మస్ షో చేశారు. 1984లో కెన్నీ రోజర్స్, డాలీ పార్టన్ వచ్చారు. 2010 నుంచి సీఎంఏ సొంతంగా ఏబీసీలో ఏటా క్రిస్మస్ షో నడుపుతోంది. పొయ్యి మంట, గిటారు, ప్రార్థన, కుటుంబం: ఆ చట్రం పెద్దగా మారలేదు. ఆ షోల్లో ప్రేమ నిజమైనదే. కానీ ఏళ్ల తరబడి అదే చట్రం చూసినవాళ్లకు, అందులో కనిపించనివాళ్లు అసలు ఆ ఇంటివాళ్లే కారన్న నమ్మకం బలపడింది.

అందుకే 2016లో సీఎంఏ అవార్డుల వేదిక మీద బియాన్సే పాడినప్పుడు అంత వ్యతిరేకత వచ్చింది. తనను ఆహ్వానించలేదన్న భావన కలిగించిన అనుభవం నుంచే కౌబాయ్ కార్టర్ ఆల్బమ్ పుట్టిందని ఆమె 2024లో రాశారు. ఆ ఫిబ్రవరిలో ఓక్లహోమాలోని ఒక చిన్న కంట్రీ స్టేషన్ ఆమె పాట అడిగిన శ్రోతకు ముందు కుదరదని చెప్పి, గోల మొదలయ్యాక వేసింది. ఆ నెలలోనే కంట్రీ పాటల చార్టులో నంబర్ వన్ అయిన తొలి నల్లజాతి మహిళ ఆమె. సెప్టెంబరులో సీఎంఏ నామినేషన్లు వచ్చాయి, ఆమెకు ఒక్కటీ లేదు. మూడు నెలల తర్వాత క్రిస్మస్ రోజున హ్యూస్టన్ వేదిక మీద ఆమె పక్కన నలుగురు నల్లజాతి కంట్రీ గాయనులు నిలబడి పాడారు. ఆ షోలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది అదే, గుర్రం కాదు.

2025 ఫిబ్రవరిలో కౌబాయ్ కార్టర్ అమెరికా సంగీత అవార్డులైన గ్రామీల్లో ఆ ఏటి మేటి ఆల్బమ్ అయింది, కంట్రీ ఆల్బమ్ అవార్డూ దానికే దక్కింది. ఆ విభాగంలో గెలిచిన తొలి నల్లజాతి కళాకారిణి బియాన్సే. కొన్ని నెలలకే కంట్రీ ఆల్బమ్ విభాగాన్ని గ్రామీ నిర్వాహకులు రెండు చేశారు: ఒకటి సమకాలీనం, ఇంకోటి సంప్రదాయం. ఆ ప్రతిపాదన అంతకుముందు కూడా పలుమార్లు వచ్చిందేనని చెప్పారు. అది నిజమే కావచ్చు. సంప్రదాయానికి విడిగా ఒక అవార్డు ఉండటం మంచిదే అనుకుంటాను, పాత పద్ధతిలో ఫిడేలు, స్టీల్ గిటారు వాయించేవాళ్లకు అది అవసరం. కాకపోతే ఆ సంప్రదాయాన్ని బిల్‌బోర్డ్ చార్టు పేరు మార్చిన 1949 నుంచి లెక్కపెడితే బెయిలీ బయటే ఉండిపోతారు, మెక్సికో పశుపాలకులూ అంతే.