ఎత్తు వేయకుండానే

2006 సెప్టెంబర్ 29. రష్యాలోని ఎలిస్తాలో ప్రపంచ చెస్ టైటిల్ పోరు, అయిదో ఆట. గడియారం నడుస్తున్నా వ్లదిమిర్ క్రామ్నిక్ బోర్డు ముందు కూర్చోలేదు. గంట గడిచింది. పాయింటు ప్రత్యర్థి వెసెలిన్ తొపలోవ్‌కు వెళ్లింది.

అప్పటికి క్రామ్నిక్ 3-1 ఆధిక్యంలో ఉన్నాడు. అతడు మాటిమాటికీ మరుగుదొడ్డికి వెళ్తున్నాడని, అక్కడ కెమెరాలు లేవని తొపలోవ్ మేనేజర్ ఫిర్యాదు చేశాడు. అప్పీళ్ల కమిటీ విడి మరుగుదొడ్లకు తాళం వేయించి, ఇద్దరికీ కలిపి ఒకటి చూపించింది. అది అవమానమని, ఒప్పందానికి విరుద్ధమని క్రామ్నిక్ భీష్మించాడు. మోసానికి ఆధారమేదీ బయటపడలేదు. చివరికి పాయింట్లు సమం కావడంతో ఆడిన టైబ్రేక్‌లో గెలిచి కిరీటం అతడే అందుకున్నాడు. ఆ ఇద్దరూ మాత్రం తర్వాత ఏళ్ల తరబడి చేతులు కలపలేదు.

ఎదుటివాడిపై నమ్మకం పోవడం చెస్‌కు కొత్త కాదు. 1962లో ప్రపంచ చాంపియన్‌తో తలపడేవాడిని తేల్చే క్యాండిడేట్స్ టోర్నీ కరీబియన్ దీవి కురసావ్‌లో జరిగింది. అందులో పెట్రోసియన్, కెరెస్, గెల్లర్ తమలో తాము ఆడిన 12 ఆటలూ డ్రా అయ్యాయి. సోవియట్ ఆటగాళ్లు కూడబలుక్కున్నారని, ఇక అలాంటి టోర్నీల్లో ఆడనని అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్ బహిరంగంగా ప్రకటించాడు. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఆ పద్ధతి మార్చి నాకౌట్ మ్యాచ్‌లు తెచ్చింది. ఆ అనుమానానికి అందరికీ కనిపించే ఫలితాల పట్టిక ఉంది కాబట్టి, నియమం మార్చి జవాబు చెప్పగలిగారు.

1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించింది. నేడు జేబులోని ఫోను ఏ చాంపియన్ కన్నా బాగా ఆడుతుంది. గట్టి ఆటగాడికి ఆట మొత్తంలో ఒకటి రెండు సూచనలు చాలు. అంత కొద్ది సాయాన్ని గణాంకాలతో పట్టుకోవడం చాలా కష్టం. 2019లో స్ట్రాస్‌బర్గ్‌లో గ్రాండ్‌మాస్టర్ ఇగోర్స్ రౌసిస్ మరుగుదొడ్డిలో ఫోనుతో దొరికిపోయాక, కాదని నవ్వేసే వీలు ఎవరికీ లేకపోయింది.

2022 సెప్టెంబర్‌లో సెయింట్ లూయిస్‌లో 19 ఏళ్ల హాన్స్ నీమన్ చేతిలో ఓడిన అప్పటి ప్రపంచ చాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్, అతడు మోసం చేశాడన్న అనుమానంతో మర్నాడే టోర్నీ వదిలేశాడు. రెండు వారాల తర్వాత ఆన్‌లైన్ టోర్నీలో అతడితోనే ఆట పడితే, ఒక్క ఎత్తు వేసి తప్పుకున్నాడు. చిన్నప్పుడు ఆన్‌లైన్‌లో మోసం చేశానని నీమన్ ఒప్పుకున్నాడు. ముఖాముఖి ఆటలో మాత్రం ఎన్నడూ చేయలేదన్నాడు. అలా చేశాడని ఇంతవరకూ రుజువు కాలేదు.

పైకి ఒకేలా కనిపించినా ఈ రెండు నిరాకరణలూ వేరు. క్రామ్నిక్ తనను అనుమానించినందుకు ఆడనన్నాడు, మూల్యం తానే చెల్లించాడు. కార్ల్‌సన్ తాను అనుమానించి లేచాడు. సగం ఆటలైనా ఆడకుండా వెళ్లినందున టోర్నీ పట్టికలో అతడి ఫలితాలు రద్దయ్యాయి. వాటితో పాటు నీమన్ గెలిచిన పాయింటూ పోయింది. సరైన కారణం లేకుండా వైదొలిగినందుకు 2023 డిసెంబర్‌లో ఫిడే నైతిక కమిషన్ కార్ల్‌సన్‌కు 10,000 యూరోల జరిమానా వేసింది. నీమన్ వేసిన 10 కోట్ల డాలర్ల దావా అంతకుముందే రాజీతో ముగిసింది.

అదే 2023లో క్రామ్నిక్ ఆన్‌లైన్ ఆటల లెక్కలు ముందు పెట్టి ఇతర గ్రాండ్‌మాస్టర్లను బహిరంగంగా అనుమానించడం మొదలుపెట్టాడు. ఎలిస్తాలో ఆ తాళం తన మీద ఏం మోపిందో తెలిసిన మనిషి అలా చేయడం నన్ను బాధపెట్టింది.

2024 సెప్టెంబర్‌లో పారిస్‌లో కార్ల్‌సన్, నీమన్ మళ్లీ తలపడ్డారు. కార్ల్‌సన్ 17.5-12.5తో గెలిచాడు. ఈసారి ఎవరూ మధ్యలో లేచిపోలేదు.